తొమ్మిదో గది, రెండో పళ్లెం

హన్మకొండ బస్టాండులో ఇరవై రెండేళ్లు మైకు పట్టిన మొగిలికి ఒక్కటే గర్వం. తన గొంతు విన్న మనిషి ఒక్కడూ తప్పు బస్సు ఎక్కలేదని. “వేములవాడ పోవు బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది” అని ఆయన అంటే, కునుకు తీస్తున్నవాడు కూడా లేచి మూట భుజాన వేసుకుని మూడో నంబరుకే నడిచేవాడు. ఆ గర్వాన్ని రోజుకు పదిసార్లు నేలకు దించే మనిషి ఆ మూడో నంబరులోనే ఉండేది. పేరు ఓదెమ్మ. స్తంభానికి ఆనుకుని, రెండు గోనె సంచులు, ఒక సత్తు గిన్నె పెట్టుకుని పన్నెండేళ్లుగా అక్కడే కాపురం. మైకు మోగగానే తలెత్తి, “ఇన్నం తియ్! చెవులు పోయినయనుకున్నవా మాకు?” అని అరిచేది.

మాకు అంటే ఆమెకూ, కనకవ్వకూ. కనకవ్వ ఓదెమ్మకు తోటికోడలు, వరసకు అక్క. చనిపోయి పంతొమ్మిదేళ్లయింది. అయినా పొద్దున లేస్తే ఓదెమ్మ చెవిలో పోట్లాడుతూనే ఉండేది. నీళ్లు ఒలకబోశావనీ, కొంగు సర్దుకోలేదనీ, ఆ ముసలాయన పక్కన ఎందుకు కూర్చున్నావనీ. ఓదెమ్మ కూడా ఊరుకునే రకం కాదు. మాటకు మాట అప్పగించేది. కొత్త ప్రయాణికులు భయపడి పక్కకు జరిగేవారు గానీ, బస్టాండు వాళ్లకు ఇద్దరూ అలవాటే. ఛాయ్ బండి ఆయన పొద్దున్నే “ఇయ్యాల ఎవరు గెలిచిన్రు?” అని అడిగి మరీ కప్పు అందించేవాడు.

తర్వాత మైకులోకి రికార్డు గొంతు వచ్చింది. తియ్యగా, తప్పుల్లేకుండా, జలుబు చెయ్యకుండా మాట్లాడే గొంతు. మొగిలిని ఇంటికి పొమ్మన్నారు. భార్య సరోజన పోయి అప్పటికి నాలుగేళ్లు. ఇంట్లో మాట్లాడడానికి మనిషి లేడు, బయట మాట్లాడడానికి మైకు లేదు. అలాంటి రోజుల్లో భీమారం దాటాక కట్టిన ‘నెలవు’ అనే ఇంట్లో ఆయనకు పని దొరికింది.

నెలవులో ఇరవై నాలుగు గదులు. ఏళ్ల తరబడి రోడ్ల మీద బతికిన, మనసు బాగోలేని మనుషులకు అవి. బాగుపడితే గది ఇస్తామనడం అక్కడ లేదు. ముందు గది, తాళంచెవి చేతిలో పెడతారు. బతికినంత కాలం ఉండవచ్చు. మిగతా సంగతులు నెమ్మదిగా చూసుకుందాం అంటారు. వినడానికి తేలికగానే ఉంటుంది గానీ, పన్నెండేళ్లు స్తంభాన్ని నమ్ముకున్న మనిషి చేత గోడను నమ్మించడం మాటలు కాదు. అలాంటివాళ్లను ఒప్పించి తీసుకురావడమే మొగిలి పని. ఓదెమ్మ దగ్గర ఆయనకు మూడు నెలలు పట్టింది.

“ఎప్పుడు ఎళ్లగొడ్తరు?” అని అడిగేది.

“ఎవ్వరు ఎళ్లగొట్టరక్కా.”

“గోలీలు మింగకపోతే?”

“మింగకు.”

“లొల్లి చేస్తే?”

“చెయ్యి. నీ గది, నీ లొల్లి.”

చివరికి ఒక రోజు సంచి ముడి విప్పుతూ, మళ్లీ బిగిస్తూ, “మల్ల అక్క?” అంది.

మొగిలి అప్పటికే అలిసిపోయి ఉన్నాడు. “అక్కను గూడ తోలుకరా. ఎవలు వద్దన్నరు?” అన్నాడు. ఆ ఒక్క మాటతో ఓదెమ్మ లేచి నిలబడి, స్తంభాన్ని ఒకసారి తట్టి, ఆయన వెంట నడిచింది. ఇరవై రెండేళ్లలో మైకులో ఒక్క అబద్ధం చెప్పని మనిషి, మైకు లేని రోజున చెప్పాడు. అబద్ధమని ఆయనకప్పుడు తెలియదు.

నెలవులో కింది అంతస్తులో ఒక ప్రయోగశాల ఉంది. డాక్టర్ ఇందుమతిది. నలభై దాటిన మనిషి, జుట్టు దువ్వుకోవడం మరిచిపోయే మనిషి, వాసులందరి పేర్లూ వాళ్ల కూరల ఇష్టాలూ మరిచిపోని మనిషి. ఆమె పదేళ్లు కూర్చుని ఒక యంత్రం తయారు చేసింది. రొట్టె డబ్బా అంత ఉంటుంది, గది కప్పుకు బిగిస్తారు. ఆమె దానికి పెట్టిన పేరు వేరే. నెలవు వాసులు మాత్రం ‘ఊకో డబ్బా’ అన్నారు. అదే నిలిచింది.

ఓదెమ్మకు తొమ్మిదో గది వచ్చింది. డబ్బా బిగించే రోజున ఇందుమతి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

“అమ్మా, నీ అరికాలు నువ్వే గోకి చూడు. నవ్వొస్తుందా?”

ఓదెమ్మ గోకి చూసింది. “ఎందుకొస్తది?”

“మరి మొగిలన్న గోకితే?”

“చెప్పుతోని కొడ్త.”

మొగిలి రెండడుగులు వెనక్కి వేశాడు. ఇందుమతి నవ్వు ఆపుకుని చెప్పింది. “నీ చెయ్యి నీదేనని నీ మెదడుకు ముందే తెలుసు. అందుకే నవ్వు రాదు. మనసులో అనుకునే మాట మీద కూడా మెదడు ‘ఇది నాదే’ అని ఒక ముద్ర వేసుకుంటది. కొందరికి ఆ ముద్ర సరిగ్గా పడదు. అప్పుడు వాళ్ల మాటే ఎవరో పక్కన కూర్చుని అన్నట్టు వినిపిస్తది. ఈ డబ్బా ఆ ముద్ర వేస్తుంది, అంతే. గొంతులు ఊకుంటయి.”

“గా ముగ్గురు మొగోళ్లు గూడనా?”

ఆ ముగ్గురి సంగతి అందరికీ తెలుసు. కనకవ్వ పగలు పోట్లాడితే, వాళ్లు కన్ను మూయనిచ్చేవాళ్లు కాదు. పోలీసులొస్తున్నరు లే, ఉరుకు, నిన్ను బండి కింద తోస్తం అని చెవిలో గుసగుసలు. ఓదెమ్మ ఏళ్ల తరబడి కూర్చునే నిద్రపోయింది.

“ఆ ముగ్గురు కూడా,” అంది ఇందుమతి.

“అయితే వెట్టు.”

కనకవ్వ గురించి ఓదెమ్మ అడగలేదు. ఇంటి మనిషి గొంతు, ఆ ముగ్గురి గొంతు ఒకే లెక్కలోకి వస్తాయని ఆమెకు తోచలేదు. మొగిలికి తోచింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. నిద్ర లేక గుంటలు పడిన ఆ కళ్లను చూస్తే నోరు పెగల్లేదు.

మర్నాడు ఎండ బాగా ఎక్కేదాకా తొమ్మిదో గది తలుపు తెరుచుకోలేదు. తెరుచుకున్నాక ఓదెమ్మ మెట్ల మీదికి వచ్చి, మొహమంతా దిండు ముడతలతో, “మొగిలీ, పండుకున్ననే! కాళ్లు సాపి పండుకున్న. చెవులు కడిగినట్టున్నయ్,” అంది. మొగిలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కింద ప్రయోగశాల తెర మీద తొమ్మిదో గది గీత నేలకు అంటుకుని ఉంది. ఒక్క గొంతూ లేదు. ఇందుమతి ఆ రోజు అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించింది.

పది రోజులయ్యేసరికి ఓదెమ్మ జాకెట్టు భుజాల మీద నిలవడం మానేసింది.

గదిలో చిన్న కరెంటు పొయ్యి ఉంది. ఆమె రోజూ వండేది. చింతచిగురు పప్పు, టమాట తొక్కు, గంజి వార్చిన అన్నం. కమ్మని వాసన వరండా అంతా పాకేది. వండి, గిన్నె ముందు పెట్టుకుని కూర్చునేది. ఎంతసేపైనా అలాగే కూర్చునేది. తర్వాత గిన్నె తీసుకెళ్లి పిట్టగోడ మీద కాకులకు పెట్టేది. నెలవు కాకులు ఆ నెలలో బాగా ఒళ్లు చేశాయి.

మొగిలి రోజూ గడప దగ్గర నిలబడి బతిమాలేవాడు. “తినక్కా. జెర తినరాదు.”

“తింట తియ్. నువ్వు పో.”

గడప దాటి లోపల కూర్చుని ఆమెతో తినడానికి వీల్లేదు. వాసుల తిండి సిబ్బంది ముట్టరాదని నెలవులో గట్టి నియమం. వెనకటికి ఎక్కడో ఒక హాస్టలులో సిబ్బందే పిల్లల కూడు తిన్నారట. అది విన్న పెద్దలెవరో మంచి ఉద్దేశంతో పెట్టిన నియమం అది. అలాంటిదే ఇంకొకటి, గదికి ఒక పళ్లెం, ఒక గ్లాసు. ఓదెమ్మ మొదటి రోజే రెండో పళ్లెం అడిగింది. “ఒక్క మనిషికి రెండెందుకక్కా?” అని మొగిలే నవ్వి దాటవేశాడు. ఇప్పుడు ఆ నవ్వు గుర్తుకొస్తే సిగ్గేస్తోంది.

పదిహేడో రోజు పొద్దున ఆయన మెట్లెక్కుతుంటే ఓదెమ్మ దిగుతూ ఎదురైంది. భుజాన రెండు గోనె సంచులు. చేతిలో సత్తు గిన్నె. తాళంచెవి కొంగుకు కట్టుకుని, మళ్లీ విప్పి ఆయన చేతిలో పెట్టింది.

“యాడికక్కా?”

“బస్టాండుకు. అక్క ఆడ్నే ఉన్నట్టున్నది. ఇల్లు మంచిగనే ఉన్నది గని, ఇటు దానికి తొవ్వ దొరుకుతలేదు.”

మొగిలి మెట్టు మీదే కూలబడ్డాడు. ఆమె కూడా సంచులు దింపి పక్కన కూర్చుంది. తర్వాత ఓదెమ్మే చెప్పింది, ఎవరి కథో చెప్పినట్టు.

వాళ్లింట్లో ఆడవాళ్లు ఇద్దరే. మగవాళ్లు తిన్నాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు. ఒకరు మొదటి ముద్ద తిని, వంట ఎలా ఉందో చెప్పి, ‘తిను’ అంటేనే రెండోవాళ్లు చెయ్యి పెట్టాలి. వండినవాళ్లు ముందు తినకూడదు. వాళ్ల అత్త పెట్టిన ఆనవాయితీ అది. ఎంత పోట్లాడుకున్నా ఆ మాట మాత్రం తప్పేది కాదు. ఒక ఎండాకాలం బావి నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. వంట ఓదెమ్మదే. కనకవ్వ వచ్చి కూర్చోదు, తిను అనదు. ఈమె పిలవదు. చాటుగా ఇంత జొన్న గటక తాగి ఇద్దరూ పట్టుదలగా ఎనిమిది రోజులు గడిపారు. ఎనిమిదో రోజు ఎండదెబ్బ తగిలి కనకవ్వ చేలోనే పడిపోయింది. ఇంటికి తెచ్చేసరికి ప్రాణం లేదు.

“పదొద్దులైనంక నా చెవుల మాట్లాడింది. ఏమన్నదో ఎర్కేనా? ‘ఉప్పు తక్కువైందే, మొఖం ఏం చూస్తున్నవ్, తిను’ అన్నది. గా పొద్దు తిన్న నేను.” ఓదెమ్మ గిన్నె అంచును వేలితో రుద్దింది. “గప్పటి సంది పూట తప్పలే. ఇంట్లోళ్లు పిచ్చి వట్టిందన్నరు, తొవ్వ వట్టుకున్న. మీ డబ్బా మంచిదే మొగిలీ. ఆ ముగ్గురు దొంగనాకొడుకులను ఎళ్లగొట్టింది. గని అక్క లేంది ముద్ద దిగదు. నువ్వే గద అన్నవు, అక్కను గూడ తోలుకరమ్మని?”

ఆ ప్రశ్నలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది మొగిలికి.

“ఒక్క పూట ఆగక్కా. ఈ మధ్యాన్నం దాకా. నా మొఖం చూసి,” అన్నాడు. ఆమె ఆయన మొహం చూసింది. ఏం కనిపించిందో, సంచులు ఎత్తుకుని తిరిగి పైకెక్కింది.

ఇందుమతి మొత్తం విని, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “డబ్బా తియ్యలేను మొగిలన్నా. ఆర్నెల్ల పరీక్ష ఇది. ఆన్‌లో ఉంచడానికి ఒప్పుకున్న వాళ్లకే ఆ పై అంతస్తు గదులు.”

“షరతుల్లేవని చెప్పిన నేను. మీరే చెప్పమన్నరు.”

ఆమె ముఖం ఎర్రబడింది. ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా తట్టినట్టు లేదు. అయినా గొంతు గట్టిగానే ఉంది. “పరీక్ష పోతే పోనీ. మా చిన్నాయన సంగతి చెప్పిన గదా నీకు? ఆయన చెవిలో కూడా మొదట్ల మంచి గొంతే. పాటలు పాడేది. ఆఖరికి అదే గొంతు రైలు పట్టాల మీద నడువమన్నది. నడిచిండు. నేను ఇంటర్ చదువుతున్న. ఆ గొంతులు ఊకుంటె చాలని పదేండ్లు కూర్చున్న. ఇప్పుడు చేతులార మల్ల తెరవమంటవా? తినకపోతే రేపు దవాఖానకు తోలుకపోదాం, సెలైన్ పెడ్తరు.”

దవాఖాన మాట వింటే ఓదెమ్మ ఈ జన్మలో ఏ తలుపూ నమ్మదు. అది మొగిలికి తెలుసు. ఇందుమతికీ తెలుసు. అందుకే ఆమె ఆయన వైపు చూడకుండా తెర వైపు తిరిగింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు మొగిలి ఒక స్టూలు పట్టుకుని తొమ్మిదో గదికి వెళ్లాడు. ఓదెమ్మ వంకాయ కూర దింపి గిన్నె ముందు కూర్చుని ఉంది. ఆయన గడప దాటాడు. స్టూలెక్కాడు. జీవితంలో ఒక్కసారి కూడా పై అధికారి మాట మీరని మనిషి, డబ్బా తీగను గోడలోంచి లాగేశాడు. డబ్బా మీది పచ్చ దీపం ఆరిపోయింది. కింద ప్రయోగశాలలో గంట మోగడం వినిపించింది.

గదిలో ఏమీ జరగలేదు. కాకి ఒకటి పిట్టగోడ మీద వాలింది, తన పూట తిండి కోసం.

ఓదెమ్మ తల కొంచెం పక్కకు వాలింది. కళ్లు పెద్దవయ్యాయి.

“ఇన్నొద్దులు యాడ సచ్చినవే?” అని అరిచింది. అరిచి, విని, మళ్లీ అరిచింది. “నేను పిల్వలేదా? గొంతు పోయేటట్టు పిలిచిన! ఆఁ... ఆఁ... నా మీద కోపమా? నీకే ఉంటదా కోపం?” ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ రెండో చేత్తో అన్నం వడ్డించింది. పళ్లెంలో కనకవ్వకు, గిన్నె మూతలో తనకు. ఎదురుగా పెట్టి కూర్చుంది. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి విన్నది.

“ఉప్పు తక్కువైందా? నీ నోటికి ఎన్నడు సరిపోయింది గనుక!” అంటూ ముద్ద నోట్లో పెట్టుకుంది. దాని వెనక ఇంకొకటి. బుగ్గలు నిండా అన్నంతో పోట్లాడుతూ తింటున్న ఆ మనిషిని చూస్తూ మొగిలి స్టూలు మీదే ఉండిపోయాడు, దిగడం మరిచిపోయి.

ఇందుమతి పరుగున వచ్చి గడపలో ఆగింది. సరిగ్గా అప్పుడే ఓదెమ్మ భుజాలు బిగుసుకున్నాయి. ముద్ద చేతిలోనే ఆగింది. కళ్లు తలుపు వైపు, కిటికీ వైపు పరిగెత్తాయి. ఆ ముగ్గురూ వచ్చేశారు. డబ్బాకు వాళ్లెవరో, కనకవ్వ ఎవరో తేడా తెలియదు. తలుపు మూస్తే అందరికీ మూస్తుంది, తెరిస్తే అందరికీ తెరుస్తుంది. ఓదెమ్మ చెవులకు కొంగు చుట్టుకుని, “అక్కా, సూడే వీళ్లను,” అని గొణిగింది. నుదుట చెమట పట్టింది. చాలాసేపటికి గానీ చెయ్యి కదల్లేదు. కదిలింది మాత్రం నోటి వైపే.

“చూసినవా మొగిలన్నా?” అంది ఇందుమతి. “మళ్లీ నిద్ర కరువైతది ఆమెకు.”

“చూసిన మేడం. తింటున్నది గూడ చూడున్రి.”

ఇందుమతి లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది, డబ్బా బిగించిన రోజు కూర్చున్నట్టే. నిజం చెప్పకుండా ఉండడం ఆమెకు చేతకాదు. “అమ్మా, ఆ మాట కనకవ్వది కాదు. నీదే. నీ మనసులో పుట్టిన మాటే అక్క గొంతులో నీకు వినిపిస్తున్నది.”

ఓదెమ్మ నమలడం ఆపింది. “తిను అన్నది గూడనా?”

“అది కూడా.”

మొగిలికి ఆ క్షణాన డాక్టరు మీద పట్టరాని కోపం వచ్చింది. పంతొమ్మిదేళ్లు మోసుకొచ్చిన ఒక్క క్షమాపణను అలా నేల మీద పరిచి చూపించాలా? ఓదెమ్మ మూతలోని అన్నం వైపు, ఎదుటి పళ్లెం వైపు మార్చి మార్చి చూసింది. తర్వాత నెమ్మదిగా కాలు ముందుకు చాపి, తన అరికాలు తనే గోకింది.

“నవ్వొస్తలేదు మేడం,” అంది. “మీరే చెప్తిరి గద, మన చేత్తోని మనం గోక్కుంటె నవ్వు రాదని? గిది గూడ గంతే. తిను అని నాకు నేను చెప్పుకుంటె ముద్ద దిగుతదా? ఇంకొకలు అనాలె. గది నాదే అనుకో, మీరే గెలిచిన్రు. గని అక్క గొంతుతోని వస్తెనే దిగుతది.”

ఇందుమతి పదేళ్ల చదువు ఆ అరికాలి ముందు చేతులు కట్టుకుని నిలబడింది. చివరికి ఆమె అడగక తప్పని మాట అడిగింది. “రేపు అదే గొంతు సావుమంటే?”

“కనకవ్వనా?” ఓదెమ్మ నవ్వింది. “రోజూ అంటది. పోయి ఆ చెరువుల వడి సావరాదే అని. దాని మాట నేనెన్నడన్న ఇన్ననా? తిను అంటె ఒక్కటే ఇంట.”

ఇందుమతికి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపుగా మారింది. “మా చిన్నాయన పక్కన ఎదురు తిట్టేటోళ్లు ఎవ్వరూ లేకుండె అమ్మా,” అంది. ఓదెమ్మ ఎడమ చేత్తో ఆమె చెదిరిన జుట్టును వెనక్కి తోసి, “జడేసుకోవే బిడ్డా, దయ్యం లెక్కున్నవ్,” అని, అది తన మాటో కనకవ్వ మాటో చెప్పకుండా మళ్లీ అన్నంలో చెయ్యి పెట్టింది.

మూడు రోజుల తర్వాత డబ్బా నుంచి ఒక తీగ గోడ మీదుగా కిందికి దిగింది. దాని చివర ఫ్యాను రెగ్యులేటర్ లాంటి ఒక తిప్పుడు మర, ఓదెమ్మ కూర్చుంటే చేతికందే ఎత్తులో. ఒకవైపు పూర్తిగా తిప్పితే నిశ్శబ్దం, మరోవైపు తిప్పితే అందరూ. మధ్యలో ఎక్కడైనా ఆపుకోవచ్చు. ఇందుమతి ఒక్క ఒప్పందం అడిగింది. ఆ ముగ్గురి మాట మరీ మీదికొస్తే మొగిలిని పిలవాలని. “పిలుస్త. వాళ్ల గొంతుకంటె నా గొంతే పెద్దది,” అంది ఓదెమ్మ.

ఒక గదికి మర వచ్చిందని తెలిసి వారం లోపల పదకొండు మంది తమకూ కావాలన్నారు. ఆర్నెల్ల పరీక్ష అటకెక్కింది. ఇందుమతి మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. పది రోజులు మొగిలితో మాట్లాడలేదు. పదకొండో రోజు జడ వేసుకుని వచ్చి, గోడకంటించిన నియమాల కాగితంలోంచి తిండి ముట్టరాదన్న వరుసను తనే కొట్టేసి పోయింది.

రెండో పళ్లెం మొగిలి ఇంటి నుంచి వచ్చింది. సరోజనది. అంచు మీద ఆమె పేరు చెక్కి ఉంటుంది. నాలుగేళ్లుగా గూట్లో బోర్లా పడి ఉన్న దాన్ని తోమి తెచ్చి, ఏమీ చెప్పకుండా ఓదెమ్మ గడప లోపల పెట్టాడు. ఓదెమ్మ ఆ పేరు మీద వేలు పోనిచ్చి, చదవడం రాకపోయినా, “ఎవలదిది?” అని అడగలేదు.

రోజులు గడిచాయి. అన్నీ మంచి రోజులే అంటే అబద్ధం. కొన్నిసార్లు ఆ ముగ్గురు ఆమెను మూలకు నెట్టేసేవారు. మర తిప్పడం కూడా మరిచిపోయి వణుకుతూ కూర్చునేది. మొగిలి వెళ్లి పక్కన కూర్చుంటే, ఆయన చెయ్యి పట్టుకుని వెతికి వెతికి తిప్పేది. కొన్నిసార్లు కనకవ్వతో పోరు శ్రుతి మించి, “పోవే, జెరసేపు కుదురుగుండనియ్యి!” అని టక్కున తిప్పి, గంట కాకముందే మళ్లీ తెరిచేది. ఒళ్లు మాత్రం చేసింది. కాకులు చిక్కిపోయాయి.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం, ముసురు పట్టి ఉన్న రోజు, పై వరండా నుంచి కేక వచ్చింది. “మొగిలీ! ఇటు రా!”

ఆయన రెండేసి మెట్లు ఎక్కి వెళ్లాడు. ఓదెమ్మ కూర్చుని ఉంది. ముందర గోంగూర పప్పు, అన్నం, రెండు పళ్లేలు. గోడ మీది మర నిశ్శబ్దం వైపు చివరిదాకా తిరిగి ఉంది.

“అక్క లేదా?” అన్నాడు గడపలోనే ఆగి.

“ఆ ముగ్గురు పొద్దుగాల సంది ఒక్కటే తీరు. అందర్ని ఊకొమ్మన్న. అక్కకు గూడ జెర ఆరాం.” ఎదురుగా ఉన్న పీట చూపించింది. “నిలవడ్డవేంది? కూసో.”

మొగిలి లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఆమె సరోజన పళ్లెంలో ఆయనకు వడ్డించింది. తన పళ్లెంలో వడ్డించుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నాలుగేళ్లుగా మెస్సులో నిలబడి తిన్న మనిషికి ఎదురుగా ఒకరు కూర్చుంటే ముద్ద ఇంత బరువుంటుందని గుర్తే లేదు. మింగి తలెత్తాడు. ఓదెమ్మ ఇంకా చెయ్యి పెట్టలేదు. ఆయన మొహం చూస్తోంది.

“తినక్కా,” అన్నాడు మెత్తగా.

ఆమె కదల్లేదు. చూపు కూడా తిప్పలేదు. పదిహేడు రోజులు ఆ గడపలో నిలబడి ఆ మెత్తని మాటే చెప్పాడు, ఒక్క ముద్ద కూడా దిగలేదు. మొగిలికి అర్థమైంది. గొంతు సవరించుకున్నాడు. మైకు పోయినప్పటి నుంచి వాడని గొంతు, బస్టాండు నాలుగు మూలలకూ వినిపించే గొంతు, కడుపులోంచి వచ్చింది.

“గిదేం పప్పే? ఉప్పెయ్యరాదా? ఇన్నేండ్లొచ్చినయి, గోంగూర వండుడు రాలే! ఇంక మొఖం ఏం చూస్తున్నవ్? తిను!”

వరండాలో ఎవరో పరుగెత్తుకొచ్చారు. కాకులు లేచిపోయాయి. ఓదెమ్మ ఒక్క క్షణం అలాగే ఉండి, భళ్లున నవ్వింది. నవ్వు ఆగలేదు. కళ్ల నీళ్లు కారుతున్నా ఆగలేదు.

“నీ నోట్ల మన్నువడ! రేపటి సంది నువ్వే వండు,” అని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.